హాజరుపట్టీలో రెండో పేరు

కరీముల్లా మాష్టారు పోయారని నాంచారయ్య ఫోన్ చేసేటప్పటికి నేను మా జూనియర్ కాలేజీ వరండాలో వేలిముద్ర మిషన్‌తో వాదిస్తున్నాను. ఈ బొటనవేలు నాది కాదని అది అంటోంది, నాదేనని నేనంటున్నాను. ఫిలాసఫీలో ఎమ్మే చేసినవాడికి ఇలాంటి వాదాలు కొత్త కాదు గాని, ఈసారి నా దగ్గర ప్రమాణం లేదు, దాని దగ్గర కరెంటు ఉంది. "మధ్యాహ్నం జొహర్ నమాజు అవగానే తీసుకెళ్ళిపోతారంట్రా, బయల్దేరు" అన్నాడు నాంచారయ్య. బందరు నుంచి కారులో వచ్చి పామర్రు సెంటర్లో నన్ను ఎక్కించుకున్నాడు. ఎస్సై గారి కారుకి దారి ఇవ్వని వస్తువు ఆ రోడ్డు మీద ఒక్కటే, ఉయ్యూరులో చెరుకు ట్రాక్టరు. మేము విజయవాడలో వించిపేట సందులోకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మాష్టారు బతికుండగా ఏ పనీ ఆలస్యం చేసి ఎరగరు. ఆ అలవాటు చివర్లో మార్చుకుంటారని మేమెందుకు అనుకున్నామో తెలియదు.

షామియానా కింద కుర్చీలు చూపించి టీ ఇచ్చారు. పక్కింటి పెద్దాయన వచ్చి, మీరు ఆయనకి ఏమవుతారండీ అని అడిగాడు. స్టూడెంట్లమండీ అన్నాం. ఇంకా ఎవరన్నా వచ్చేవాళ్ళున్నారా, కుర్చీలు ఉంచమంటారా అన్నాడు. "లేదండీ, ఆఖరి బ్యాచి మొత్తం వచ్చేశాం" అన్నాడు నాంచారయ్య. తర్వాత టీ గ్లాసులోకి చూసుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా, "ఒకరు తక్కువనుకో" అన్నాడు.

నేను ఫిలాసఫీలోకి ఎలా వచ్చానో చెప్పాలంటే ముందు ఎక్కడికెక్కడికి వెళ్ళలేకపోయానో చెప్పాలి. విజయవాడలో ఆ రోజుల్లో సిటీ బస్సులో పక్కన కూర్చున్నవాడు పేరు అడిగే ముందు ర్యాంకు అడిగేవాడు. నా ర్యాంకు పోస్టాఫీసు పిన్‌కోడంత పొడుగుండేది. లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటే ఇంకో అంకె పెరిగింది. ఇక బీయేలో పడేశారు. అందులో మిగిలిన గ్రూపుల్లో సీట్లు లేక ఫిలాసఫీ ఉన్న గ్రూపు ఇచ్చారు. ఇచ్చారు అన్నది మర్యాద కోసం వాడిన మాట. ఆ మూడేళ్ళూ అయ్యాక అదే కాలేజీలో ఎమ్మేకి ఎంట్రన్సు లేదని తెలిసి చేరిపోయాను. మాది ఇబ్రహీంపట్నం, నాన్న థర్మల్ పవర్ స్టేషన్లో ఉద్యోగి. మా అమ్మ పక్కింటివాళ్ళకి ఎమ్మే అని మాత్రం చెప్పి, తర్వాతి ప్రశ్న వచ్చేలోపు పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయేది. నాన్న అలా తప్పించుకునే మనిషి కాదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, టిఫిన్ బాక్సు అరుగు మీద పెట్టి, "అది చదివితే ఏమవుతావురా?" అని అడిగాడు. ఏమీ కాను నాన్నా అన్నాను నిజాయితీగా. "అది ఇప్పటికే అయ్యావుగా. మళ్ళీ చదవడం ఎందుకు?" అన్నాడు. తర్కంలో ఆయన్ని ఓడించడానికి నాకు తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా దారి దొరకలేదు.

నాంచారయ్యది నాగాయలంక అవతల, చేపల వేట మీద బతికే ఇల్లు. బీయే నుంచీ ఫిలాసఫీకి నేనూ అతనూ ఇద్దరమే. అతను ఎమ్మేలో చేరింది హాస్టల్లో గది నిలుపుకోవడానికి. పొద్దున గ్రౌండులో పరుగు, పగలు శంకరాద్వైతం, నోట్సు మధ్యలో కానిస్టేబుల్ పరీక్ష గైడు. ఇంటికెళ్ళి వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ మాష్టారి కోసం ఎండురొయ్యలు కట్టి పంపేది. సోమవారాలు మా క్లాసులో బ్రహ్మం తప్ప మిగతాదంతా రొయ్యల వాసన వేసేది. మాష్టారు ఆ పొట్లం అందుకుని, "అమ్మగారికి సలాం చెప్పవయ్యా" అని, దాన్ని భాష్యాల పక్కనే సంచిలో పెట్టుకునేవారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, సైకిలు, సంచి. ఎవరైనా, మీరు న్యాయదర్శనం చెప్పడమేంటండీ కరీముల్లా గారూ అని ఆశ్చర్యపోతే, "సిలబస్‌లో ఉందండీ" అనేవారు. అంతకు మించి ఆ విషయం మీద ఆయన ఎవరితోనూ చర్చించగా నేను వినలేదు. పొగను బట్టి నిప్పును ఊహించడం, అంటే అనుమాన ప్రమాణం, అనే పాఠానికి ఆయన మా థర్మల్ గొట్టాలే ఉదాహరణగా తీసుకున్నారు. పొగ కనపడితే మా నాన్న డ్యూటీలో ఉన్నట్టనీ, కనపడకపోతే మరమ్మతు కాబట్టి ఇంకా గట్టిగా డ్యూటీలో ఉన్నట్టనీ నేను చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మీ నాన్నగారి విషయంలో అనుమానం పనిచేయదు, వదిలేద్దాం అన్నారు.

హాజరు తీయడం ఆయనకి పాఠంలో భాగం. క్లాసులో ఇద్దరమే ఉన్నా, ఇద్దరమూ ఆయన కళ్ళ ముందే కూర్చున్నా, నిలబడి, కళ్ళజోడు సర్ది, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చదివి, మేము లేచి నిలబడి పలికేదాకా ఆగేవారు. మా గది కంప్యూటర్ల వాళ్ళకి ఇచ్చేసి మమ్మల్ని మంచినీళ్ళ కుళాయిల పక్క వరండాలోకి పంపాక కూడా ఇదే వరస. నీళ్ళు తాగడానికొచ్చిన బీకాం పిల్లలు ఆగి చూసి నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు నాంచారయ్య పరుగు నుంచి రావడం ఆలస్యమైతే అతని బదులు నేనే గొంతు మార్చి పలికాను. ఇద్దరున్న క్లాసులో అది ఎంత కష్టమైన పనో అప్పటిదాకా ఆలోచించలేదు. మాష్టారు తలెత్తకుండా, "సాంబశివరావూ, జలుబు చేసిందా?" అన్నారు. ఆ రోజే న్యాయవైశేషికాల్లో ఏడో పదార్థం చెప్పారు, అభావం. గచ్చు మీద కుండ ఉంటే కుండని చూస్తాం, లేకపోతే కుండ లేకపోవడాన్ని చూస్తాం, లేకపోవడం కూడా ఉన్న వస్తువే అన్నారు. పరీక్షకి ఇది వస్తుందా సార్ అని అడిగాను.

వాళ్ళింటికి మేము బీయే రోజుల నుంచీ వెళ్ళేవాళ్ళం. ముందు గదిలో పుస్తకాలు, వెనక వంటిల్లు, మధ్య ఒక పూల పరదా. ఆ పరదా దాటి పుదీనా, వేయించిన ఉల్లిపాయలు, సాంబ్రాణి కలిసిన వాసన వచ్చేది. వాళ్ళు ఆ ఇల్లు వదిలేశాక ఎక్కడా ఆ వాసన ఆ పాళ్ళలో కలిసి రాలేదు. ఆ వంటింటి ఆవిడ పేరు జైబున్నీసా బేగం. ఈ సంగతి నాకు చాలాకాలం తెలియదు. మేము మేడం గారు అనేవాళ్ళం. సందులోవాళ్ళు మాష్టారి భార్య అనేవాళ్ళు. పుట్టింటివాళ్ళు ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళు. మాష్టారు పరదా వైపు కాస్త దగ్గి, "సునో జీ" అనేవారు, వింటున్నావా అన్నట్టు. పిల్లలు లేరు కాబట్టి ఫలానావాళ్ళ అమ్మా అని పిలిచే వీలు కూడా లేదు. భార్యని పేరు పెట్టి పిలవడం వాళ్ళిళ్ళలో పెద్దవాళ్ళ ముందు అమర్యాద. పెద్దవాళ్ళంతా పోయాక కూడా ఆయన నోటికి అది రాలేదు. అప్పట్లో నాకది వింతగా అనిపించలేదు. మా నాన్న అమ్మని "ఇదిగో" అనేవాడు, మా అమ్మ ఆయన్ని అసలేమీ అనేది కాదు.

ఒక ఏడాది మేడం గారు మాకు ఒకే సాయంత్రం మూడుసార్లు టీ ఇవ్వడం మొదలుపెట్టారు. మొదటి లక్షణాన్ని మేము ఆతిథ్యం అనుకున్నాం. తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది, తర్వాత అసలు పడలేదు. ఒక మధ్యాహ్నం కొత్తిమీర కోసం వెళ్ళినావిడ కాలువ వంతెన మీద, కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా నిలబడి ఉన్నారు. తెలిసిన రిక్షా అతను ఇంటికి తెచ్చాడు. డాక్టరు మందులు తక్కువ రాసి మాటలు ఎక్కువ చెప్పాడు. తెలిసిన ఇంట్లోనే ఉంచండి, ఇల్లు మార్చారో మనిషి మిగలదు అన్నాడు. అది నిజమే. పంచదార డబ్బా ఎక్కడుందో అడిగితే ఆవిడ చెప్పలేరు, చెయ్యి మాత్రం తిన్నగా దాని దగ్గరికే వెళ్ళేది. స్విచ్చి, గడప, నీళ్ళ కుండ, అన్నీ చేతులకీ కాళ్ళకీ గుర్తున్నాయి. ఆవిడకే లేవు. ఒంటరిగా వదలడానికి వీల్లేక మాష్టారు రోజూ రిక్షాలో కాలేజీకి తెచ్చేవారు. ఆవిడ వరండాలో చివరి బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ సాంఖ్యం వినేవారు. సందేహాలు అడిగేవారు కాదు. ఆ విషయంలో మాకూ ఆవిడకీ తేడా లేదు.

మేము ఎమ్మేలో చేరిన కొన్ని వారాలకి నాంచారయ్య కానిస్టేబుల్‌గా సెలక్టయ్యాడు. జిల్లా అంతటా ఆ కబురుకి ఏడుపు మొహాలు పెట్టింది మేమే అయి ఉంటాం. కోర్సు నడవాలంటే హాజరుపట్టీలో కనీసం ఇద్దరుండాలని రూలు. ఒక్కడే మిగిలితే కోర్సు మూసేస్తారు, మాష్టారిని రాయలసీమలో ఎక్కడో ఖాళీ ఉన్న కాలేజీకి బదిలీ చేస్తారు. అంటే ఆ వంటిల్లు, ఆ పంచదార డబ్బా ఉన్న చోటు, అన్నీ పోతాయి. నేను పోనండీ సార్, మళ్ళీ రాస్తాను అన్నాడు నాంచారయ్య. మాష్టారు హాజరుపట్టీ మూసి పక్కన పెట్టారు. "వెళ్ళావనుకో, క్లాసులో ఉండవు. వెళ్ళలేదనుకో, నేనే గెంటేస్తాను, అప్పుడూ ఉండవు. రెండు పక్షాల్లోనూ ఉండవు కదా, ఉద్యోగం ఉన్న పక్షం తీసుకో" అన్నారు. ఆయన అంత గట్టిగా వాదించి గెలవడం మేము చూసింది ఆ ఒక్కసారే.

రెండో విద్యార్థి కోసం మేమిద్దరం విజయవాడ తిరిగాం. ఏ సందులో చూసినా చదువుకునే పిల్లలు కిక్కిరిసి ఉండే ఊళ్ళో ఒక్క మనిషి దొరకలేదు. బీయే పాసై సైకిల్ స్టాండు చూసుకుంటున్న ఒకతను వినకముందే దండం పెట్టాడు. ఒకాయన ఉత్సాహంగా వచ్చాడు గాని ఇందులో జాతకాలు చెప్పరని తెలిసి వెళ్ళిపోయాడు. ట్రైనింగుకి వెళ్ళే ముందురోజు నాంచారయ్య వరండాలో తల గోక్కుంటూ, "మేడం గారికి బీయే ఉందిగా సార్" అన్నాడు. ఉంది. పెళ్ళికి ముందు గుంటూరులో పాసయ్యారు. సర్టిఫికెట్టు చీరల అడుగున భద్రంగా ఉంది. మాష్టారు మా ఇద్దరి వంకా కాకుండా కుళాయిల వంక చూస్తూ, అలా చేస్తే తప్పవుతుందా అని అడిగారు. మా ఇద్దరికంటే ఆవిడే ఎక్కువ క్లాసులకి వచ్చారు సార్ అన్నాను. ప్రిన్సిపాల్ గారు కూడా వయసు పరిమితి లేదండీ అని సంతోషంగా ఒప్పుకున్నారు. అప్లికేషన్ మీద సంతకం దగ్గర మేము ఊపిరి బిగబట్టాం. ఆవిడ పెన్ను పట్టుకుని గబగబా ఇంగ్లీషులో పొందిగ్గా సంతకం పెట్టి, చిక్కుళ్ళ పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. చేతికి గుర్తుంది.

మర్నాటి నుంచి మాష్టారు యథాప్రకారం నిలబడి, కళ్ళజోడు సర్ది, నా పేరు ఇంటిపేరుతో సహా పిలిచేవారు. ప్రెజెంట్ సార్ అనేవాణ్ణి. తర్వాత రెండో పేరు దగ్గర ఆగేవారు. ఆగి, కళ్ళజోడు పైనుంచి చివరి బెంచీ వైపు చూసి, ఏమీ అనకుండా టిక్కు పెట్టేవారు. సర్వీసు మొత్తంలో ఎవరి పేరూ మింగని మనిషి ఆ ఒక్క పేరూ మింగేవారు. నేను చూస్తున్నానని గ్రహించి ఒకరోజు, "ప్రత్యక్షంగా కనపడుతుంటే పిలవడం దేనికయ్యా?" అన్నారు. మరి నేను కూడా ప్రత్యక్షంగానే ఉన్నాను కదా అని నాకు అనిపించింది గాని, ఆయన చెవులు ఎర్రబడటం చూసి పుస్తకం తెరిచాను.

చలికాలంలో విద్యార్థుల లెక్క తనిఖీకి పైనుంచి ఒక ఆఫీసరు గారు వచ్చారు. ఆయనది చెడ్డ మనసు అయ్యుంటే ఈ కథ రాయడం నాకు తేలికయ్యేది. ఆయన కుర్చీ వద్దని మాతోపాటు బెంచీ మీద కూర్చుని, ఈ వయసులో చదువుకుంటున్న అమ్మగారిని చూడటం సంతోషంగా ఉందన్నారు. "మీరే హాజరు తీయండి మాష్టారూ, నేను విని రాసుకుంటాను, అయిపోతుంది" అన్నారు. నా పేరు అయింది. మాష్టారు ఆగారు. కళ్ళజోడు పైనుంచి చూశారు. ఆఫీసరు గారు పెన్ను పట్టుకుని మర్యాదగా ఎదురుచూస్తున్నారు. మాష్టారు ఒకసారి దగ్గి, "జైబున్నీసా బేగం" అన్నారు. అంత అందమైన పేరని నాకు అప్పుడే తెలిసింది.

మేడం గారు చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని తలెత్తారు. కుడివైపు చూశారు. వెనక్కి తిరిగి గోడని కూడా చూశారు. తర్వాత మాష్టారి వైపు తిరిగి, కాస్త జాలిగా, "ఆ అమ్మాయి ఇవాళ రాలేదేమో సార్" అన్నారు.

నేను ముందుకు వంగి, మేడం గారూ, మీరేనండీ, పలకండి అన్నాను. ఆవిడ నవ్వి, "నేనెక్కడ చదువుకుంటున్నాను బాబూ? నా చదువు ఎప్పుడో అయిపోయింది" అన్నారు. మాష్టారు మళ్ళీ పిలిచారు. ఈసారి గొంతు హాజరు పిలిచే గొంతు కాదు. ఆవిడ మళ్ళీ వెనక్కి చూశారు. జబ్బు వల్ల ఆ పేరు మరిచిపోయారో, లేక పెళ్ళయ్యాక ఎవరూ ఆ పేరుతో పిలవక ఎప్పుడో వదిలేసుకున్నారో, నాకు ఆరోజూ తెలియదు, ఈరోజూ తెలియదు. ఆఫీసరు గారు పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు. "నేను రాయక తప్పదండీ" అన్నారు. తప్పదండీ అన్నారు మాష్టారు, ఆయన్ని ఓదారుస్తున్నట్టుగా. తర్వాత కుళాయిల దగ్గర గ్లాసులు కడిగి అందరికీ టీ తెప్పించారు. మేడం గారు, పాపం ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోండి అని ఆఫీసరు గారికి కూడా చెప్పారు. ఆయన కనుక్కుంటానమ్మా అన్నారు.

సంక్షిప్తంగా చెప్పాలంటే కోర్సు మూసేశారు, మాష్టారిని బదిలీ చేశారు. నా మిగతా ఎమ్మే నేను దూరవిద్యలో కట్టి పూర్తిచేశాను. వాళ్ళని రైలెక్కించడానికి నాంచారయ్య ట్రైనింగ్ నుంచి సెలవు పెట్టి, దగ్గరగా కత్తిరించిన జుట్టుతో వచ్చాడు. వాళ్ళమ్మే గుర్తుపట్టలేదట. మేడం గారు ప్లాట్‌ఫారం మీద అతన్ని చూడగానే, "నాంచారయ్యా, క్లాసుకి రావడం లేదేం?" అని అడిగారు. పోలీసు ట్రైనింగులో ఏం నేర్పారో గాని అతను వెళ్ళి టీ స్టాలు వెనకాల నిలబడ్డాడు. సామాను సర్దుతుంటే మాష్టారు నన్ను పక్కకి పిలిచారు. "రోజూ పొద్దున పిలుస్తున్నానయ్యా, పేరు పెట్టి. ఒకరోజు పలుకుతుంది, నాలుగు రోజులు పలకదు. హాజరు శాతం తక్కువగానే ఉంది" అన్నారు. రైలు కదిలేటప్పుడు ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గోడని తడుముతున్నట్టు, ఏదో స్విచ్చి కోసం వెతుకుతున్నారు.

డాక్టరు చెప్పినట్టే అయింది. కొత్త ఊళ్ళో ఆవిడ ఎక్కువ కాలం లేరు. అక్కడే మట్టి చేశారు. మాష్టారు రిటైరయ్యాక వించిపేట ఇంటికి ఒక్కరే తిరిగొచ్చారు. మేము వెళితే పరదా వైపు చూసి దగ్గబోయి ఆగేవారు. ఇప్పుడు ఆయన ఇక్కడి ఖబరస్తాన్‌లో, ఆవిడ అక్కడెక్కడో. నాంచారయ్య ఇందుకు ఏదైనా చేయొచ్చేమోనని తిరుగుదారిలో కారులో చాలాసేపు ఆలోచించాడు. ఇలాంటివాటికి పోలీసులు కూడా ఏమీ చేయలేరని కంకిపాడు దాటాక ఒప్పుకున్నాడు.

నేను సివిక్స్ చెప్పే కాలేజీలో ఇప్పుడు హాజరుకి పేర్లు పిలవరు. పిల్లలూ మేమూ వేలు పెడతాం, ఎర్ర దీపమో పచ్చ దీపమో వెలుగుతుంది. ఎవరి పేరు ఏమిటో ఎవరికీ తెలియనవసరం లేదు, మనకి కూడా. ఇది ఆ రోజుల్లో ఉండి ఉంటే మేడం గారి చెయ్యి ఎప్పటిలాగే పని పూర్తిచేసేది, పచ్చ దీపం వెలిగేది, పంచదార డబ్బా ఉన్నచోటే ఉండేది. ఆవిడ కొంచెం తొందరపడి చదువుకున్నారు. పాత పద్ధతులే మంచివని మా స్టాఫ్‌రూములో ఎవరైనా అంటే నేను తల ఊపలేను. కొత్తవి మంచివని కూడా అనలేను, నా వేలితో దానికి రోజూ గొడవే.

నాకు పెళ్ళయ్యాక మాత్రం ఒక అలవాటు చేసుకున్నాను. పొద్దున పేపరు చదువుతూ ఒకసారి, "పద్మావతీ" అని పిలుస్తాను, పూర్తి పేరు. ఏంటండీ అంటుంది. ఏం లేదంటాను. ఏం లేకుండా పిలవడం దేనికి, పని మానుకుని రావాలి అని విసుక్కుంటుంది. కారణం ఇంతవరకూ చెప్పలేదు, చెబితే మానిపిస్తుందని. మాష్టారు పోయిన మర్నాడు కూడా పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పేపరు పక్కన పెట్టి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. గచ్చు మీద కత్తిపీట ఉంది, సగం తరిగిన బెండకాయలు ఉన్నాయి, మనిషి లేదు. మాష్టారు చెప్పిన ఏడో పదార్థాన్ని నేను కళ్ళారా చూసింది అప్పుడే. పెరట్లో మోటారు ఆగింది, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "మోటారు చప్పుడులో వినపళ్ళేదండీ. పిలిచారా?" అంది.

పిలిచాను అన్నాను.

"ఏంటీ?"

ఏం లేదన్నాను.